పట్టు జిగురు తీసే ఎంజైము

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టు మెరవాలంటే రంగు అద్దకముందే జిగురు వదలాలి. పట్టుపోగులో రెండు ప్రోటీన్లు ఉంటాయి: లోపల గట్టి ఫైబ్రోయిన్, పైన పూతగా సెరిసిన్. తూకంలో దాదాపు పావు వంతు ఈ సెరిసినే. సబ్బూ సోడా వేసి మరిగే నీళ్లలో ఉడికించడం పాత పద్ధతి. అది కట్టెలు తింటుంది, ఉప్పునీళ్లలో సబ్బు విరిగిపోతుంది, కాస్త ఆదమరిస్తే పోగు బలం తగ్గుతుంది. ప్రోటీన్‌ను కోసే ఎంజైముతో ఇదే పని తక్కువ వేడిలో అవుతుంది.

ముందు పొడి చిలపలను తూచి రాసిపెట్టుకోండి. తర్వాత అరగంట వేడినీళ్లలో నానబెడితే సెరిసిన్ ఉబ్బుతుంది. కిలో పట్టుకు ముప్పై లీటర్ల నీళ్లు, స్టీలు గంగాళం. బాసిల్లస్ బ్యాక్టీరియా నుంచి తీసిన ఆల్కలైన్ ప్రోటియేజ్ అనే ఎంజైము వాడుతుంటే, కొద్దిగా సోడా కలిపి నీటి పీహెచ్‌ను ఎనిమిదిన్నర దగ్గరికి తేవాలి. వేడి 55 డిగ్రీలు. ఎంజైము మోతాదు దాని బలాన్ని బట్టి మారుతుంది కాబట్టి డబ్బా మీద రాసిందే ప్రమాణం.

ఇక్కడే అసలు నేర్పు. ఇది సెరిసిన్, ఇది ఫైబ్రోయిన్ అని ఎంజైముకు తెలియదు. సెరిసిన్ వదులుగా, నీళ్లు పీల్చుకునేలా ఉంటుంది, కోత సులువు. ఫైబ్రోయిన్‌లో గ్లైసిన్, అలనిన్ అనే అమైనో ఆమ్లాల గొలుసులు పొరలు పొరలుగా బిగిసి ఉంటాయి, కోతకు చోటు దొరకదు. అయినా ఎక్కువసేపు ఉంచితే దాన్నీ కొరుకుతుంది. అందుకే చిలపలను తిప్పుతూ, గంట దగ్గరపడగానే ఒక పోగు తీసి చూడాలి. పిక్రోకార్మిన్ రంగులో ముంచితే జిగురు మిగిలిన చోట ఎరుపు, పోయిన చోట పసుపు కనిపిస్తుంది.

పసుపు రాగానే కోత ఆపాలి. చిలపలను 85 డిగ్రీల నీళ్లలోకి మార్చి పది నిమిషాలు ఉంచితే ఎంజైము చచ్చిపోతుంది. తర్వాత చల్లనీళ్లలో జాడించి, నీడన ఆరబెట్టి, మళ్లీ తూచాలి. కిలోకు ఏడువందల యాభై గ్రాముల చుట్టూ రావాలి. అంతకంటే బాగా తగ్గితే ఫైబ్రోయిన్ కూడా పోయినట్టే.

గట్టిగా మెలి పెట్టిన పడుగు పోగుల్లోకి ఎంజైము అంత తేలిగ్గా దూరదు. ఎంజైము అణువు పెద్దది. అలాంటి పోగులకు నా సలహా, తక్కువ సబ్బుతో కలిపి చేయడమే. ఖర్చులోనూ ఎంజైము సబ్బు కంటే ఎక్కువే, కట్టెల్లో మిగిలేదాన్ని చూసి లెక్క వేసుకోవాలి.

అద్దకందారులూ, మొదట ఒక్క చిలపతో చూడండి. ఖిల్లా ఘణపూర్, వనపర్తి వైపు బయోటెక్నాలజీ చెప్పే అధ్యాపకులూ, ఒక ప్రయోగ తరగతిని అమరచింతలోనో రాజోలిలోనో నేతగాళ్ల ముందు పెట్టండి. ఎంజైము, పిక్రోకార్మిన్, పీహెచ్ కాగితం, థర్మామీటరు, తక్కెడ ఉంటే చాలు.