వేటకు బోవువారి చద్దిమూట

విద్యార్థులారా! గంజాము తీరమందలి గోపాలపురము మొదలుకొని పూరీలోని పెంటకోట వరకు గల మన తెలుగు జాలరుల యిండ్లలో తెల్లవారకముందే దీపము వెలుగును. నేలగాలి సముద్రము వైపునకు వీచుచుండగనే పడవను నీట దింపుట పెద్దల నాటి యలవాటు. నేడు యంత్రపు పడవలు వచ్చినను వేకువనే బయలుదేరువారే యెక్కువ. తిరిగి తీరము చేరునప్పటికి పది పండ్రెండు గంటలు పట్టవచ్చును. అంతసేపటికి వలయు నన్నపానములను సాధారణముగ ఇంటి స్త్రీలే సమకూర్తురు. అందలి తెలివి యెట్టిదో ఈ పాఠమున చూతము.

మొదట నీటి సంగతి. ఒక లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములు కరగియుండును. అంత యుప్పగా మూత్రమును తయారుచేయుట మన మూత్రపిండములకు సాధ్యము కాదు. కావున ఆ యుప్పును వెడలగొట్టుటకు త్రాగిన దానికంటె హెచ్చు నీటిని దేహము నష్టపోవును. దాహము తీరుటకు మారుగ పెరుగును. ఎండలో వల లాగువానికి నాలుగైదు లీటర్ల మంచినీరైనను ఉండవలెను. ఆ నీటిని ఒకే పాత్రలో పోయరాదు.

ఈ మాట మాకు అనుభవము మీద తెలిసినది. ఒకమారు మేము ఒక విద్యార్థి తండ్రితో పడవనెక్కి వెళ్ళితిమి. పట్టణపు పద్ధతిని ఇడ్లీలు, కొబ్బరిపచ్చడి కట్టించుకొని, నీటినంతయు ఒక్క బిందెలో పోయించితిమి. కెరటములు దాటునప్పుడు బిందె ఒరిగినది. పదిగంటల వేళకు పచ్చడి పులిసి వాసన వేసినది. నాలుక పిడచకట్టుకొని పోవుచుండగా ఆ పెద్దమనిషి తన చద్దికుండలోని నీటిని చెంబులో వంచి, "తాగండి మేష్టారూ, ఉప్పేసినాను" అనెను. ఆ పూట మమ్ము కాపాడినది ఆ చద్దినీరే.

రాత్రి వండిన యన్నమును చల్లార్చి, మంచినీరు పోసి యుంచినచో, అందు పెరుగులో నుండునట్టి మేలుచేయు సూక్ష్మజీవులే పెరిగి పులుపును పుట్టించును. ఆ పులుపు పాడుచేయు క్రిములను కొంతవరకు అణచును. చెమటతో పోయిన నీరును, ఉప్పును చద్దినీటితో తిరిగి చేరును. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, కాల్చిన యెండుచేప తోడైన ఇక కూరతో పనిలేదు! మా తరగతిలో కొందరు చద్దిగిన్నె మూత తీయుటకు సిగ్గుపడుట మేము చూచితిమి. ఇదే యన్నమును మన ఒడియా సోదరులు పఖాళ మందురు. మార్చి 20వ తేదీని పఖాళదినముగ జరుపుకొందురు. వారికి లేని సిగ్గు మనకేల?

అయితే జాగ్రత్త యొకటి కలదు. వేడియన్నమును మూతపెట్టి గంటల తరబడి ఉంచరాదు. ఉడికినను చావని కొన్ని క్రిమిబీజములు ఆ గోరువెచ్చదనములో మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. కావున వండినదానిని త్వరగా చల్లార్చవలెను. జిగట సాగినను, దుర్వాసన కొట్టినను పారవేయవలెను. చద్దిని ఉదయముననే తిని, మధ్యాహ్నమునకు పులిహోర ఉంచుకొనుట మేలు. చింతపండు పులుపు చేత అది తక్కిన యన్నముకంటె నిలువయుండును. చోడి అంబలియు మంచిదే. పులుపు పదార్థములను కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రలలో పోయరాదు.

క్రొత్తగా పడవనెక్కినవారికి వాంతులగుట సహజము. అట్టివారికొరకు ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి, కొద్దికొద్దిగా త్రాగింపవలెను. ఇచ్చట చెంచా యనగా చిన్న టీ చెంచా. ఉప్పు కొలత మీరరాదు. కల్లు, సారాయి పడవలోనికి రానేరాదు. అవి దేహములోని నీటిని తగ్గించుటయే కాక కాలు నిలువనీయవు.

వచ్చు సోమవారమునాటికి మీ యింటి పెద్దలు వేటకు ఏమేమి కట్టుకొని పోవుదురో అడిగి, వాని పేర్లను తెలుగులోను, ఒడియాలోను వ్రాసికొని రండు. వేటకు పోనివారు పొలమునకు పోవువారి చద్దిని గూర్చి వ్రాయవచ్చును.