పాత డీజిల్ ఇంజన్లలో ఇంధన పంపు లోపాలు: నిర్ధారణ, మరమ్మతు, మార్పిడి – కోనసీమ పరిస్థితులకు అన్వయం

పరిచయం

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ విస్తరించిన కోనసీమ పల్లపు భూమి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ ప్రాంతానికి సాగునీరు స్థిరపడింది. కానీ చేరిన నీరు సకాలంలో వెలుపలికి పోవడం నేటికీ సమస్యగానే ఉంది. 2011 సార్వాలో ఇక్కడి రైతులు పంట విరామం పాటించినప్పుడు పేర్కొన్న కారణాలలో మురుగు కాలువల దుస్థితి ఒకటి. అల్పపీడన వర్షాలకు నారుమళ్ళు మునిగినప్పుడు, విద్యుత్తు నిలిచిపోయిన వేళ, నీటిని తోడివేయడానికి మిగిలే సాధనం డీజిల్ ఇంజనే. సుమారు రెండు వారాల ముంపును తట్టుకునే స్వర్ణ సబ్-1 వంటి రకాలు ఉన్నప్పటికీ, సాధారణ రకాల లేత నారుకు పూర్తి మునకలో గడిచే ప్రతి దినమూ నష్టమే.

సరిగ్గా అటువంటి సమయంలోనే నెలల తరబడి పాకలో ఉన్న ఇంజన్ మొరాయిస్తుంది. 'పంపు పోయింది' అన్న నిర్ణయం వెంటనే జరుగుతుంది. ఖరీదైన ఇంజక్షన్ పంపును విప్పి పట్టణానికి పంపుతారు. అయితే లోపం తరచుగా ఆ పంపుకు ముందున్న భాగాలలో, అంటే ట్యాంకు, గొట్టాలు, ఫిల్టరు, ఫీడ్ పంపులలో ఉంటుంది. నిర్ధారణ క్రమాన్ని పాటిస్తే అనవసర వ్యయం, అంతకన్నా విలువైన సమయం మిగులుతాయి. పొలం ఇంజన్లకే కాక పాత ట్రాక్టర్లకు, కొబ్బరికాయలు తరలించే పాత వ్యాన్లకు కూడా ఈ క్రమం వర్తిస్తుంది.

రెండు పంపులు – రెండు పనులు

ఫీడ్ పంపు ట్యాంకు నుంచి డీజిలును తక్కువ పీడనంతో లాగి, ఫిల్టరు ద్వారా ఇంజక్షన్ పంపుకు అందిస్తుంది. పాత ట్రాక్టర్లు, వ్యాన్లలో ఇది సాధారణంగా ఇంజన్ పక్కన క్యాం షాఫ్టుతో నడిచే డయాఫ్రం పంపుగానో, ఇంజక్షన్ పంపుకే బిగించిన ప్లంజరు పంపుగానో ఉంటుంది. ట్యాంకు పైన అమర్చిన ఒంటి సిలిండరు ఇంజన్లలో డీజిలు తనంతట తానే కిందికి దిగుతుంది కనుక ఫీడ్ పంపు ఉండదు.

ఇంజక్షన్ పంపు కొలిచిన పరిమాణంలో, నిర్ణీత క్షణంలో, నాజిల్‌ను తెరవగల అధిక పీడనంతో ఇంధనాన్ని పంపుతుంది. నేరుగా ఇంధనం చిమ్మే ఇంజన్లలో ఈ పీడనం సుమారు 200 బార్లు. ఇందులోని ప్లంజరు, బ్యారెల్ నడుమ ఖాళీ కొద్ది మైక్రాన్లు మాత్రమే. వాటికి కందెన కూడా డీజిలే. అందుచేత నీటిబొట్టు, తుప్పు రేణువు ఈ పంపుకు ప్రధాన శత్రువులు.

కోనసీమలో లోపాలకు మూలం

సముద్రతీరపు తేమగాలి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చేరి, రాత్రి చల్లదనానికి గోడలపై నీరుగా మారుతుంది. డీజిలు కన్న బరువైన ఆ నీరు అడుగుకు చేరి తుప్పుకు కారణమవుతుంది. నీరు, డీజిలు కలిసే పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగురు పదార్థం ఏర్పడుతుంది. ఇది ఫిల్టరును మూసివేస్తుంది. మూత సరిగా లేని డబ్బాలలో డీజిలు నిల్వ చేయడం ఈ సమస్యను పెంచుతుంది.

డయాఫ్రం రబ్బరు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి చిట్లుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బి.ఎస్.-6 ప్రమాణాల డీజిలులో గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములకు మించదు. గంధకాన్ని తొలగించే ప్రక్రియలో డీజిలు సహజ కందెన గుణం తగ్గుతుంది. దానిని పూరించడానికి శుద్ధి కర్మాగారాలలో ప్రత్యేక ద్రవ్యాలు కలుపుతారు. ఇటువంటి డీజిలులో కిరోసిన్ కలిపితే ఆ రక్షణ పలచబడి ప్లంజరు త్వరగా అరుగుతుంది.

నిర్ధారణ క్రమం

1. ట్యాంకు: ఇంధన మట్టం, కుళాయి, మూతలోని గాలి రంధ్రం పరిశీలించాలి. రంధ్రం మూసుకుపోతే ఇంజన్ కొంతసేపు నడిచి ఆగిపోతుంది. మూత వదులు చేయగానే మళ్ళీ నడుస్తుంది.

2. నీరు: ఫిల్టరు గిన్నె అడుగు మరను వదులు చేసి వచ్చిన ఇంధనాన్ని గాజుసీసాలో పట్టి కొంతసేపు కదపకుండా ఉంచాలి. నీరు ఉంటే అడుగున వేరుగా కనిపిస్తుంది.

3. ఇంజన్ ఆయిలు: కొలకడ్డీపై మట్టం పెరిగినా, డీజిలు వాసన వచ్చినా ఇంజన్ నడపరాదు. డయాఫ్రం చిరిగి డీజిలు ఆయిలులో కలుస్తున్నదని మొదట అనుమానించాలి. పలచబడిన ఆయిలుతో బేరింగులు దెబ్బతింటాయి. పంపు చౌక, ఇంజన్ ఖరీదు అన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

4. ఫీడ్ పంపు: ఫిల్టరుకు వెళ్ళే గొట్టం విప్పి చేతి మీటను ఆడించాలి. ప్రతి ఊపుకూ బుడగలు లేని బలమైన ధార రావాలి. మీటకు ఏ ప్రతిఘటనా లేకపోతే పంపు చెడినదని వెంటనే నిర్ణయించరాదు. క్యాం ఎత్తు భాగం పంపు మీటను నొక్కి ఉండవచ్చు. ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పి మళ్ళీ పరీక్షించాలి.

5. గాలి: ధారలో బుడగలు ఉంటే ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య గాలి చొరబడుతున్నట్లు. ఈ భాగంలో పీడనం వెలుపలి గాలి కన్న తక్కువ కనుక డీజిలు బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. తడి జాడ లేదు కనుక గొట్టం బాగున్నదని భావించడం సాధారణంగా జరిగే పొరపాటు.

6. ప్రత్యామ్నాయ సరఫరా: శుభ్రమైన డబ్బాను ఇంజన్ కన్న ఎత్తులో ఉంచి కొత్త గొట్టంతో నేరుగా ఫిల్టరుకు కలిపి, గాలి తీసి, తక్కువ భారంతో నడపాలి. ఇంజన్ నిలకడగా నడిస్తే ఇంజక్షన్ పంపు నిర్దోషి. లోపం ట్యాంకు, గొట్టాలు, ఫీడ్ పంపులలో ఉంది. అప్పటికీ నడవకపోతే ఫిల్టరు మార్చి చూడాలి. ఆ తరువాతే ఇంజక్షన్ పంపును, నాజిల్‌ను అనుమానించాలి.

నాజిల్ చిమ్మే దారికి ఎన్నడూ చేయి అడ్డుపెట్టరాదు. ఆ పీడనానికి డీజిలు చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూదిమొనంతే కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

ఫీడ్ పంపు: మరమ్మతా, మార్పిడా?

పంపు దేహం, మీట పిన్ను అరగకుండా ఉంటే డయాఫ్రం, వాల్వుల కిట్టు సరిపోతుంది. పిన్ను వదులైనా, అంచు వంగినా, పగులు ఉన్నా కొత్త పంపు అమర్చడమే మేలు. ఏళ్ళ తరబడి దుకాణంలో నిల్వ ఉన్న కిట్టు అయితే డయాఫ్రంను వంచి చూసి, చీలికలు లేవని నిర్ధారించుకోవాలి.

అమర్చే విధానం: ట్యాంకు కుళాయి మూసి పంపు పరిసరాలను శుభ్రపరచాలి. గొట్టాల స్థానాలు గుర్తుపెట్టుకుని విప్పి, కొనలను మూయాలి. పాత గాస్కెట్ అవశేషాలు గీకివేసి, అంతే మందం గల కొత్త గాస్కెట్ వాడాలి. మందం మారితే మీట కదలిక మారుతుంది. క్యాం పల్లపు భాగం మీటకు ఎదురుగా ఉండేలా ఇంజన్‌ను తిప్పి, రెండు బోల్టులను విడతలవారీగా సమంగా బిగించాలి. రాగి వాషర్లు కొత్తవి వేయాలి. తరువాత ఫిల్టరు, ఇంజక్షన్ పంపు, నాజిల్ గొట్టాల వరుసలో గాలి తీయాలి. డీజిలు కలిసిన ఇంజన్ ఆయిలును మార్చిన పిదపనే ఇంజన్ నడపాలి.

కొందరు మెకానిక్కులు పాత పంపును అలాగే ఉంచి దానికి ముందు విద్యుత్ పంపు అమర్చుతారు. డయాఫ్రం చిరిగి ఉంటే విద్యుత్ పంపు డీజిలును మరింత వేగంగా ఆయిలులోకి నెడుతుంది. విద్యుత్ పంపు తప్పనిసరి అయితే పాత పంపును తొలగించి, ఆ రంధ్రాన్ని పలకతో మూసివేయాలి. పీడనం అసలు పంపుకు సమానంగా ఉండేలా చూడాలి.

ఇంజక్షన్ పంపు విషయంలో జాగ్రత్తలు

ప్లంజరు, బ్యారెల్ ఒకదానికొకటి సానబట్టిన జత. ఒక్కదానిని విడిగా మార్చడానికి వీలులేదు. పొలం గట్టున ఈ పంపును విప్పరాదు. పరీక్షా బల్ల ఉన్న కార్యశాలలోనే సరిచేయించాలి. తీసేముందు పంపు అంచుపైన, ఇంజన్‌పైన కలిసేలా గీత గీయాలి. ఒంటి సిలిండరు ఇంజన్లలో పంపు కింద ఉండే పలుచని షిమ్ములు ఇంధనం చిమ్మే సమయాన్ని నిర్ణయిస్తాయి; వాటిని లెక్కపెట్టి అదే సంఖ్యలో తిరిగి వేయాలి.

విస్తరణ సూచనలు

సార్వాకు కాలువలు వదిలే ముందే ఇంజన్ల తనిఖీ పూర్తి కావాలి. పని ముగిసిన తరువాత ట్యాంకు నిండుగా ఉంచడం, ఫిల్టరు గిన్నెలో నీరు తీయడం, పక్షానికి ఒకసారి ఇంజన్ నడపడం అలవాటు చేయించాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేట పరిసర గ్రామాలలో జరిపే రైతు శిక్షణలలో గాజుసీసా పరీక్ష, ప్రత్యామ్నాయ సరఫరా పరీక్ష ప్రదర్శించడం ప్రయోజనకరం. ఖరీదైన పరికరాలేవీ అవసరం లేదు. రైతు తన ఇంజన్ నుంచి తీసిన సీసాలో నీటిని తానే చూడటం ఉపన్యాసం కన్న బలంగా నాటుకుంటుంది.

ముగింపు

పాత ఇంజన్లో ఇంధన పంపును మార్చడం కష్టమైన పని కాదు. మార్చవలసినది ఏదో తేల్చుకోవడమే అసలు పని. ట్యాంకు నుంచి నాజిల్ వైపు ఒక్కొక్క అంచెగా పరీక్షిస్తే చాలా సందర్భాలలో ఇంజన్ గ్రామంలోనే తిరిగి నడుస్తుంది. ముంపు వేళ మిగిలిన ఆ ఒకటి రెండు రోజులే నారును నిలబెడతాయి.