పాఠం 14: మాటతీరు – మతిమరుపు

14.0 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• మామూలు మతిమరుపుకూ డిమెన్షియాకూ గల తేడాను చెప్పగలుగుతారు.
• సంభాషణలో కనిపించే గుర్తులను వివరించగలుగుతారు.
• కంప్యూటరు పరిశీలనకు గల పరిమితులను గుర్తించగలుగుతారు.

14.1 పరిచయం

"పెద్దవయసు కదా, మరిచిపోతారులే" అని మనం తరచు అంటుంటాం. తాళంచెవి ఎక్కడ పెట్టిందీ మరిచిపోవడం మామూలే. కాని వంట, డబ్బు లెక్క, ఇంటిదారి వంటి రోజువారీ విషయాల్లోనే తడబాటు మొదలైతే తేలిగ్గా తీసుకోరాదు. 2023లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు, ఆపైన ఉన్నవారిలో సుమారు 88 లక్షల మందికి, అంటే 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది.

14.2 సంభాషణలో గుర్తులు

ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు వైద్యుడూ రోగీ మాట్లాడుకొనే తీరును పరిశీలించారు. "ఈ మధ్య మీరేం మరిచిపోయారో చెప్పండి" అని అడిగితే, డిమెన్షియా లేకుండా మతిమరుపు గురించి దిగులుపడేవారు జరిగినదాన్ని వివరంగా చెప్పేవారు. డిమెన్షియా ఉన్నవారు తరచు ఉదాహరణ చెప్పలేక, జవాబు కోసం వెంట వచ్చినవారి వైపు తల తిప్పేవారు. మరిచిపోయిన సంగతిని పూసగుచ్చినట్లు చెప్పడానికి కూడా జ్ఞాపకశక్తి కావాలి కదా!

14.3 కంప్యూటరు చేసే పని

షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలోనే 'కాగ్నోస్పీక్' అనే సాధనం రూపొందింది. తెరమీద కనిపించే బొమ్మమనిషి ప్రశ్నలు అడుగుతుంది. ఎదుటివారి జవాబులను కంప్యూటరు అక్షరాల్లోకి మార్చి విశ్లేషిస్తుంది. ఇటువంటి పరిశీలనల్లో మాటల మధ్య విరామాలు, చెప్పిందే మళ్ళీ చెప్పడం, వస్తువు పేరు తట్టక "అది... ఇది" అనడం వంటివి లెక్కకు వస్తాయి.

14.4 మన భాషకు మన కొలత

ఇంగ్లీషు వాక్యంలో 'నేను', 'ఆమె' వంటి సర్వనామాలు సాధారణంగా తప్పవు. తెలుగులో "వచ్చాను" అంటే చాలు, కర్త ఎవరో క్రియే చెబుతుంది. కాబట్టి ఇంగ్లీషు మాటలతో తయారైన కొలతను తెలుగువారికి యథాతథంగా వాడరాదు.

మాట్లాడేవారికి ఎన్ని భాషలు వచ్చో కూడా తెలియాలి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారికంటే, రెండు లేదా అంతకుమించి భాషలు వచ్చినవారిలో వ్యాధి సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

14.5 గుర్తుంచుకోండి

కంప్యూటరు జల్లెడ వంటిది. వ్యాధిని నిర్ధారించేది వైద్యుడే. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. అందువల్ల "వయసు" అని సరిపెట్టుకోక, ముందుగానే వైద్యునికి చూపించాలి.

పాఠ్యగత ప్రశ్నలు

1. రోగి వెంట వచ్చినవారి వైపు తల తిప్పడం దేనికి గుర్తు కావచ్చు?
2. ఇంగ్లీషు కొలత తెలుగుకు ఎందుకు సరిపోదు?
3. మతిమరుపు కలిగించే, చికిత్సకు లొంగే కారణాలు రెండు రాయండి.