కంగారు సంచి – గేదె ముర్రుపాలు



ఆస్ట్రేలియాలో కంగారు అనే జంతువు ఉన్నదనీ, దాని పొట్టకు సంచి ఉంటుందనీ మన పిల్లలు బడిలో చదువుకొంటారు. దానితో పాడి రైతుకు పనేమిటని మీరు అడగవచ్చు. పని ఉన్నది. పాలు దేనికోసం పుట్టినవో కంగారును చూస్తే తెలిసినంత తేలికగా మరే జంతువును చూసినా తెలియదు. అది తెలిస్తే, మన గేదె ఈనిన రోజున ఏమి చేయాలో, ఎందుకు చేయాలో కూడా అర్థమవుతుంది.

ఎర్ర కంగారు నిలబడితే మనిషి ఎత్తు ఉంటుంది. అయినా దాని చూడి కాలం 33 రోజులే. పుట్టిన పిల్ల చిక్కుడు గింజంత. బరువు ఒక గ్రాము కూడా తూగదు. కళ్ళు తెరవవు, వెనుక కాళ్ళు ఇంకా మొలకలే. ముందు కాళ్ళ గోళ్ళతో తల్లి బొచ్చు పట్టుకొని తానే పాకుతూ సంచిలో చేరి ఒక చన్ను నోట కరచుకొంటుంది. ఆ చన్ను కొన నోటిలో ఉబ్బి బిగుసుకొంటుంది. ఇక సుమారు 8 నెలలు సంచిలోనే కాపురం. బయటకు వచ్చిన తరువాత కూడా ఏడాది నిండేదాకా తల తూర్చి తాగుతూనే ఉంటుంది. మన గేదె 310 రోజులు, ఆవు 280 రోజులు గర్భంలో మాయ ద్వారా చేసే పనిలో ఎక్కువ భాగాన్ని కంగారు పాలతో చేస్తున్నదన్న మాట.

అందుచేత దాని పాలు ఒక్క తీరుగా ఉండవు. పసిగుడ్డుకు పలుచని పాలు. చక్కెర పదార్థాలు ఎక్కువ, వెన్న తక్కువ. పిల్ల పెద్దదయ్యే కొద్దీ వెన్న పెరుగుతుంది. ఇంకొక విచిత్రం చూడండి. సంచిలో పసిగుడ్డు, బయట పెద్దపిల్ల ఒకేసారి తాగుతున్నప్పుడు, పక్కపక్కనున్న రెండు చన్నులు రెండు రకాల పాలు ఇస్తాయి. అదే మేత, అదే రక్తం! కంగారు పాలు మన కేంద్రానికి వస్తే ఒకే పొదుగుకు రెండు ధరలు కట్టవలసి వచ్చేది. టామర్ వాలబీ అనే చిన్న కంగారు జాతిలో శాస్త్రజ్ఞులు పసిపిల్లను తీసి, ముదురు పాలు ఇచ్చే తల్లి చన్నుకు పట్టించి చూశారు. తల్లి తన పాలను వెనక్కు మార్చలేదు. పిల్లే త్వరగా పెరిగింది. అనగా పాల లెక్క నడిపేది పిల్ల కాదు, తల్లి.

సంచి జంతువుల వంశం, మన పశువుల వంశం సుమారు 16 కోట్ల సంవత్సరాల క్రిందట వేరుపడ్డాయి. పాలు అంతకంటె పాతవి. గుడ్లు పెట్టే ప్లాటిపస్ కూడా పిల్లలకు పాలిస్తుంది. పాలు విరిగినప్పుడు గడ్డకట్టే కేసిన్ అనే మాంసకృత్తు తయారుచేసే జన్యువులు ప్లాటిపస్‌లోను, కంగారులోను, గేదెలోను ఉన్నాయి. సంచి జంతువులు దక్షిణ అమెరికా నుండి, అంటార్కిటికా భూమి మీదుగా ఆస్ట్రేలియా చేరాయి. మన భూఖండం అంతకు ముందే విడిపోయి ఉత్తరానికి జరిగింది. ఇక్కడి పాత సాక్ష్యం వేరు. నేటి వికారాబాదు జిల్లా నస్కల్ వద్ద, లావా పొరల నడుమ దొరికిన చిన్న చిన్న పళ్ళను బట్టి 1988లో దక్కనోలెస్టిస్ అనే జంతువును ప్రకటించారు. చిట్టెలుకంతటి ఆ ప్రాణి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటిది. సంచి వంశానిది కాదు, మన పశువుల వైపు వంశానిది.

ఇక మన కొట్టంలోకి వద్దాము. గేదె గర్భంలో అంతకాలం మోసినా ఒక పని మిగిల్చి ఈనుతుంది. మాయలో తల్లి రక్తానికి, దూడ రక్తానికి మధ్య పొరలు ఎక్కువ. ఆహారం దాటుతుంది గాని రోగాలను ఎదిరించే పదార్థాలు దాటవు. మనుషులలో అవి పుట్టకముందే బిడ్డకు చేరుతాయి. గేదె దూడ మాత్రం ఆ రక్షణ లేకుండా నేల మీద పడుతుంది. ఆ రక్షణ అంతా ముర్రుపాలలో ఉన్నది. దూడ పేగు ఆ పదార్థాలను చెడకుండా రక్తంలోకి పంపగలిగేది కొద్ది గంటలే. మొదటి 6 గంటలు మేలు, ఒక రోజు దాటితే ఆ ద్వారం మూసుకొన్నట్లే. కంగారు పిల్లకు అది నెలల తరబడి తెరచి ఉంటుంది. గేదె దూడకు అంత గడువు లేదు.

మన పల్లెలలో మాయ పడేదాకా దూడను తాగనివ్వని ఆచారం ఇంకా ఉన్నది. పైగా గేదెలు ఎక్కువగా ఈనేది పత్తి తీతల రోజులలో. తెల్లవారుజామున ఈనిన గేదెను కట్టివేసి ఇంటిల్లిపాదీ చేలకు పోతే, తిరిగి వచ్చేసరికి దూడకు దక్కవలసిన సమయం చాలావరకు అయిపోతుంది. దూడ ఆ రోజు చావదు. తరువాత పారుడు పట్టి పోతుంది. అప్పుడు దిష్టి అనుకొంటాము. దూడ పోయిన గేదె చేపక పాలు ఎగదీస్తే ఆ నష్టం ఈత పొడుగునా ఉంటుంది.

మాయ కోసం ఆగనక్కరలేదు. దూడ కుడిస్తే మాయ పడడానికి సాయమే. పొదుగు కడిగి, పుట్టిన గంటలోపల తాగించండి. దూడ బరువులో పదవ వంతు, అనగా 30 కిలోల దూడకు 3 లీటర్లు, మొదటి రోజున రెండు మూడు సార్లుగా ఇవ్వాలి. దున్నదూడ అని తగ్గించవద్దు. మాయ 12 గంటలకు కూడా పడకపోతే బరువులు కట్టి లాగక పశువైద్యుని పిలవండి. జున్ను మాకూ ఇష్టమే. దూడ తాగగా మిగిలిన దానితో వండుకోండి. ముర్రుపాలు కలిసిన పాలు కాస్తే విరుగుతాయి గనుక కేంద్రంలో ఎలాగూ పోయరాదు.

ఈనిన గేదె చనిపోయినా, పాలు చేపకపోయినా, ఊరిలో అదే రోజు ఈనిన మరొక గేదె ముర్రుపాలు పనికివస్తాయి. ఆ గేదె ఎవరింట ఉన్నదో సంఘ కార్యదర్శికి తెలిసే ఉంటుంది. రాత్రి అయినా సరే, తలుపు తట్టి అడగండి.