చందా పుస్తకం మూసిన తర్వాత

నిరుడు మా హాస్టలు మిత్రులం పన్నెండుమందిమి కలిసి ఊరి చివర ఉన్న ఒక బాలల ఆశ్రమం కోసం విరాళాలు పోగుచేశాం. క్లాసులయ్యాక ఇద్దరిద్దరం చొప్పున బజారంతా తిరిగాం. పది రూపాయలిచ్చిన కిరాణాకొట్టు ఆయనకీ, అయిదువందలిచ్చిన లెక్చరరుగారికీ ఒకే రకం రసీదు రాసిచ్చాం. వచ్చిన డబ్బుతో పిల్లలందరికీ కొత్తబట్టలు కుట్టించాం. మిఠాయిలు పంచాం. బ్యానరు కట్టి, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి ఫొటోలు దిగాం.

తిరిగి వచ్చేస్తుంటే వంటచేసే ఆయా గేటుదాకా వచ్చి మెల్లిగా అంది: "బట్టలు బాగున్నాయి నాయనా. ఉతకటానికే నీళ్ళు లేవు. మోటారు కాలిపోయి నెలయింది."

అప్పుడుగాని మేం పిల్లల చేతులకేసి చూడలేదు. వేళ్ళసందుల్లో గజ్జి! మిఠాయి అందుకోవటానికి చాచిన చేతులే అవి. మేం ఫొటో చూసుకున్నాంగాని చేతులు చూడలేదు.

ఈ వ్యాసం ఆ పొరపాటునుంచి నేర్చుకున్న పాఠం.

ఒక్కడికి మందు చాలదు

కంటికి సరిగా ఆనని చిన్న పురుగు చర్మంలోకి తొలుచుకుపోయి గుడ్లు పెట్టటంవల్ల గజ్జి వస్తుంది. ఒంటినుంచి ఒంటికి అంటుకుంటుంది. ఇరుకు గదిలో పక్కపక్కన పడుకునేచోట ఒక్కడికి మాత్రమే మందు రాస్తే ప్రయోజనం లేదు. డాక్టరు సలహాతో అందరికీ ఒకే రోజున రాయాలి. వారం పదిరోజుల్లో మళ్ళీ రాయాలి. పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. అంటే మందు గొట్టాలతోపాటు నీళ్ళు కావాలి, మార్చుకోవటానికి దుప్పట్లు కావాలి, ఎడంగా పడుకోవటానికి చోటు కావాలి. మేం కొన్న వస్తువుల్లో వీటిలో ఒక్కటీ లేదు!

లండను నగరం చెప్పే పాఠం

జాలి ఒక దారినా, అవసరం ఒక దారినా పోవటం మా ఒక్కరి విషయంలోనే జరిగింది కాదు. ఇటువంటి సంస్థల చరిత్ర చదివితే అదే కథ చాలా పెద్ద ఎత్తున కనిపిస్తుంది.

లండను వీధుల్లో పసికందుల్ని వదిలేసి పోవటం చూసి చలించిన థామస్ కోరం అనే ఓడ కెప్టెను ఏళ్ళతరబడి పెద్దమనుషుల గుమ్మాలెక్కి దిగాడు. చివరకు 1739లో రెండవ జార్జి రాజునుంచి అనుమతి పత్రం సంపాదించి ఫౌండ్లింగ్ హాస్పిటల్ స్థాపించాడు. పేరు హాస్పిటలేగాని అది అనాథ శిశువుల ఆశ్రమం. చిత్రకారుడు హోగార్త్ తన చిత్రాలిచ్చాడు, తోటి చిత్రకారులచేత ఇప్పించాడు. బొమ్మలు చూడవచ్చిన ధనికులు చందాలిచ్చేవారు. సంగీతకారుడు హాండెల్ 1749లో ఆశ్రమం కోసం కచేరీ చేశాడు. 1750లో అక్కడే తన "మెస్సయ్య" వినిపించాడు. 1759లో ఆయన పోయినప్పుడు ఆ కృతి ప్రతి ఒకటి విల్లు ప్రకారం ఆశ్రమానికే దక్కింది.

ఇంత ఆదరణ ఉన్నా పడకలు చాలలేదు. సంచిలో చెయ్యిపెట్టి బంతి తియ్యమనేవారు తల్లుల్ని. తెల్లబంతి వస్తే బిడ్డకు చోటు దొరికినట్టు. నల్లబంతి వస్తే బిడ్డతో వెనక్కి పోవలసిందే.

1756లో పార్లమెంటు ధనసహాయం చేసింది, తెచ్చిన ప్రతి బిడ్డనూ తీసుకోవాలన్న షరతుతో. నాలుగేళ్ళు తిరక్కుండానే సుమారు 15 వేలమంది పసివాళ్ళు వచ్చారు. వారందరికీ పాలిచ్చే దాదులు లేరు, సాకే చేతులు లేవు. అందులో 10 వేలమందికి పైగా చనిపోయారు. 1760లో ఆ పద్ధతి మానేశారు. డబ్బు వచ్చింది, బిడ్డలూ వచ్చారు. బిడ్డకు కావలసిన వసతిమాత్రం వాళ్ళతోపాటు పెరగలేదు.

కొలతబద్ద ఉంది

మరి వసతి చాలిందో లేదో ఎలా తెలుస్తుంది? మన దేశంలో 2015 బాలల న్యాయచట్టం ప్రకారం ప్రతి బాలల ఆశ్రమమూ రిజిస్టరు కావాలి. ఆ చట్టం కింద 2016లో వచ్చిన నమూనా నియమాలు 50 మంది పిల్లలుండే ఆశ్రమానికి ఏమేం ఉండాలో లెక్కకట్టి చెప్పాయి. పాతికమందికి 1,000 చదరపు అడుగుల చొప్పున రెండు పడకహాళ్ళు. అంటే ఒక్కొక్కరికి 40 చదరపు అడుగులు. అయిదు స్నానాలగదులు, ఎనిమిది మరుగుదొడ్లు. జబ్బుపడినవారికి విడిగా గది. ఇవికాక వంటిల్లు, భోజనశాల, గ్రంథాలయం. విరాళాలకు బయల్దేరేముందు ఒక టేపు పట్టుకుని వెళ్ళి కొలిస్తే చాలు, లోటెక్కడో తెలిసిపోతుంది.

ఫొటో సంగతి

మా ఫొటోలో ఒక పిల్లవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎందుకురా అంటే, "మా బళ్ళో చూస్తే ఏడిపిస్తారన్నా" అన్నాడు. అదే చట్టంలోని 74వ సెక్షను ప్రకారం ఇటువంటి పిల్లల పేరు, బడి, ఫొటో వగైరా గుర్తుపట్టే వివరాలను ప్రచార సాధనాల్లో వెల్లడించకూడదు. ఆరునెలలదాకా జైలు గాని, రెండులక్షలదాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మాకది తెలియదు. తెలిశాక ఫొటోలన్నీ తీసేశాం. అయినా చట్టందాకా ఎందుకు? మన అన్నదమ్ముల్ని అలా నిలబెడతామా?

మనం చెయ్యవలసింది

1. ముందు చూడాలి, తర్వాత అడగాలి. ఆశ్రమం రిజిస్ట్రేషను కాగితం చూడాలి. వంటామెనూ, పెద్దపిల్లల్నీ ఏం కావాలో కనుక్కోవాలి.

2. "అనాథలకు సాయం" అని కాక "రెండు మరుగుదొడ్లకు, ఒక నీళ్ళ ట్యాంకుకు" అని లెక్క చూపి అడగాలి.

3. డబ్బు ఏ ఒక్క విద్యార్థి సొంత ఖాతాలోనూ పడకూడదు. ఆశ్రమం ఖాతాకే పోవాలి. జమాఖర్చులు నోటీసుబోర్డుమీద పెట్టాలి.

4. మొత్తమంతా ఒక్కరోజే ఖర్చుచెయ్యకూడదు. కట్టిన దొడ్డికి రేపు కుళాయి పాడవుతుంది. బాగుచేయించటానికి కొంత మిగల్చాలి.

5. ఏడాదిలో నాలుగుసార్లయినా వెళ్ళి చూడాలి.

ఇక మా మోటారు సంగతి. మళ్ళీ బజారుకు వెళ్ళాం. బట్టలకంటే వెంటనే ఇచ్చినవారు వైండింగుకనేసరికి "మొన్నేగా ఇచ్చాం" అన్నారు. వాళ్ళ తప్పేం లేదు. మొన్న సరైనదానికి అడగనిది మేమే. చివరికి ఒక ఎలక్ట్రీషియను మజూరీ వద్దని, తీగ ఖరీదు మాత్రం తీసుకుని మోటారు బాగుచేశాడు. నీళ్ళొచ్చాక అందరికీ ఒకేరోజున మందు రాయించాం, దుప్పట్లన్నీ కాగుల్లో మరగేసి ఉతికాం. పిల్లలు మాకంటే చురుగ్గా పిండారు! ఆ రోజు ఫొటో ఒక్కటీ తియ్యలేదు.

ఈ ఏడు చందా పుస్తకం పట్టుకోబోయే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ నా మనవి ఒక్కటే. బ్యానరు రాయించేముందు ఒకసారి వెళ్ళి కుళాయి తిప్పి చూడండి.