మందులకు లొంగని క్రిములు - వెలుగు చికిత్స

సుక్మా జిల్లాలోని జగర్గుండా వంటి బస్తరు పల్లెలలో ఇప్పపూవును ఎండబెట్టి దాచుకొనుట పాత ఆచారము. తడి ఆరినచో బూజు పట్టదని అందరును ఎరుగుదురు. తడి ఆర్చుటయే గాక, ఎండలోని వెలుగు స్వయముగా సూక్ష్మజీవులను చంపునని 1877లో డౌన్సు, బ్లంటు అను ఆంగ్లేయులు నిరూపించిరి.

డెన్మార్కు వైద్యుడు నీల్సు ఫిన్సెన్ ఈ గుణమును చికిత్సకు వినియోగించెను. చర్మమునకు సోకిన క్షయను విద్యుద్దీపపు కిరణములతో నయము చేసినందులకు ఆయనకు 1903లో నోబెల్ బహుమానము లభించెను. పెన్సిలిన్ మొదలగు మందులు వచ్చిన పిమ్మట ఈ పద్ధతి మరుగున పడెను. నేడు ఆ మందులకే లొంగని క్రిములు ప్రబలుచున్నందున వైద్యులు మరల వెలుగు వైపు చూచుచున్నారు.

అయితే ఇప్పటి పద్ధతి వేరు. ఆక్రిడీన్ అను ద్రవ్యము కలిపిన నీటిలోని సూక్ష్మప్రాణులు వెలుతురు సోకినపుడు త్వరగా చచ్చుటను మ్యూనిఖ్ నగరమున ఆస్కార్ రాబ్ అను విద్యార్థి గమనించి 1900లో ప్రకటించెను. ఇట్టి ద్రవ్యము వెలుగును పీల్చుకొని, ఆ శక్తిని చుట్టునున్న ప్రాణవాయువునకు అందించును. అట్లు రెచ్చిన ప్రాణవాయువు క్రిమి పైపొరను, లోని మాంసకృత్తులను ఒక్కమారుగా దహించును. సాధారణమైన మందు తాళపుచెవి వంటిది. క్రిమి తాళము మార్చుకొనినచో చెవి పనికిరాదు. ఇచ్చట నిప్పు ఇల్లంతటికి అంటుకొనును గనుక మందులకు లొంగని క్రిమి సైతము తప్పించుకొనుట కష్టము.

చిగుళ్ల వ్యాధులకు కొందరు దంతవైద్యులు మిథిలీన్ బ్లూ అను నీలిరంగు మందును పూసి, ఎఱ్ఱని వెలుగును ప్రసరింపజేయుచున్నారు. మానని పుండ్లపైనను పరీక్షలు జరుగుచున్నవి. కాని వెలుగు దేహములోనికి కొలది మిల్లీమీటర్లు మాత్రమే చొరగలదు. రక్తమునందు వ్యాపించిన క్రిములను, ఊపిరితిత్తుల క్షయను ఈ విధముగా నయము చేయజాలము.

కాలి పుండును ఎండకు చాపి కూర్చున్నంత మాత్రమున ఈ చికిత్స జరిగినట్లు కాదు. తగిన మందును తగిన పాళ్లలో పూయవలెను. వెలుగును కొలిచి ప్రసరింపజేయవలెను. ఇవి వైద్యుని పనులు. బట్టలకు వాడు నీలిమందును పుండుపై పూయరాదు. ఆసుపత్రి గదులను శుద్ధిచేయు అతినీలలోహిత దీపములు కన్నులకు, చర్మమునకు హాని చేయును. వాటిని ఒంటిపై ప్రయోగింపరాదు. పుండు మానక చీము పట్టినను, జ్వరము వచ్చినను దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చూపించుకొనవలెను. రెండు వారములకు మించి దగ్గు ఉన్నచో కఫమును పరీక్ష చేయించుకొనవలెను. క్షయ మందులు, మొండి క్షయకు ఇచ్చునవి సైతము, ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితముగా ఇత్తురు.