పాట మోగితే బండి వినపడదు, బండి మోగితే పాట వినపడదు

సమస్య

మా మేనత్త కొడుకు బైక్ రేసర్. సీజన్ మొదలైతే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేకో ప్రయాణం కడతాడు. నేనూ వెంట వెళ్లి, ట్రాక్ పక్కన నిలబడి వీడియోలు తీస్తుంటాను. బండికి బిగించిన కెమెరా రికార్డింగూ నా చేతికే వస్తుంది. వాటికి సినిమా పాటలు పెట్టడం నాకు నచ్చదు. మా ముగ్గురి బ్యాండ్ సొంతంగా చేసిన రాక్ పాటలే పెడుతున్నాను. మొన్నటి వీడియో చూసి బావ, "నా బండి ఏదిరా? నీ గిటార్ గోల తప్ప ఏం వినపడట్లేదు" అనేశాడు. పాట సౌండ్ తగ్గిస్తే మా డ్రమ్మర్ అలిగి కూర్చున్నాడు. ఇవి చాలవన్నట్టు యూట్యూబ్‌లో మా పాట మీద మాకే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. ఇదంతా మానేసి ఏదో రెడీమేడ్ మ్యూజిక్ పెట్టేయమంటారా?

– ఒక గిటారిస్టు, హైదరాబాద్

సలహా

మానేయాల్సిన అవసరమేమీ లేదు. బావ మాటలో న్యాయం ఉంది, డ్రమ్మర్ అలకలోనూ ఉంది. చిక్కంతా పాటను ముందే పూర్తిచేసి, ఆ తర్వాత తెచ్చి వీడియో మీద పరిచేయడంలో ఉంది.

రేసులో తామే దిగి, ఆ వీడియోకు తామే సంగీతం చేసుకున్న వాళ్లు రాక్ చరిత్రలో లేకపోలేదు. 1991లో మెక్సికోలో జరిగిన కరెరా పనామెరికానా పాతకార్ల రేసులో పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్, డ్రమ్మర్ నిక్ మేసన్, మేనేజర్ స్టీవ్ ఓరూర్క్ పాల్గొన్నారు. దారిలో గిల్మోర్, ఓరూర్క్ ఉన్న జాగ్వార్ ప్రమాదానికి గురైంది. ఓరూర్క్ కాలు విరిగింది. ఆ రేసు మీద 1992లో వచ్చిన వీడియోలో బ్యాండ్ పాత పాటలు కొన్ని వాడుకుంది కానీ, వాటితోనే సరిపెట్టలేదు. ఆ వీడియో కోసమే కొత్త ముక్కలు కూడా చేసింది.

బీబీసీది ఇంకో దారి. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1977లో విడుదల చేసిన 'రూమర్స్' ఆల్బమ్‌లోని 'ది చెయిన్' పాటకూ కార్లకూ ఏ సంబంధమూ లేదు. 1978 నుంచి బీబీసీ దాన్ని ఫార్ములా వన్ కార్యక్రమానికి టైటిల్ సంగీతంగా వాడుకుంది. అదీ పాట మొత్తం కాదు, చివర్లో జాన్ మెక్‌వీ బేస్ గిటార్ ఒంటరిగా అందుకునే చోటు నుంచి మాత్రమే. టైటిల్స్ అయ్యాక పాట తప్పుకునేది. ఇక మాట్లాడేది ఇంజన్లు, కామెంటేటర్లు.

అసలు సంగీతమే వద్దనుకున్న దర్శకుడూ ఉన్నాడు. క్లాడ్ లెలూష్ 1976లో తెల్లవారుజామున పారిస్ వీధుల్లో కారు దూకించి ఎనిమిది నిమిషాల 'రాండెవూ' తీశాడు. అందులో పాట ఊసే లేదు. అయితే కెమెరా కట్టింది మెర్సిడెస్‌కి, మనకు వినపడేది ఫెరారీ! ఆ మోతను తర్వాత తెచ్చి కలిపాడు. ఇంజన్ చప్పుడును కూడా కూర్చోబెట్టి కూర్చాల్సిందేనని ఆయనకు తెలుసు.

ఇక మీ వీడియో సంగతి. ఫోర్‌స్ట్రోక్ సింగిల్ సిలిండర్ బండి నిమిషానికి 9,000 చుట్లు తిరిగితే సెకనుకు 75 పేలుళ్లు. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. అంటే బండీ, డిస్టార్షన్ పెట్టిన మీ గిటారూ ఒకే కుర్చీ కోసం కొట్టుకుంటున్నాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తినప్పుడు పెట్రోల్ ఇంజన్ మోతే లేదు కాబట్టి, అక్కడ గిటార్‌కు ఈ పోటీ ఉండేది కాదు. బావ బండి దగ్గర మాత్రం వంతులు వేసుకోక తప్పదు. స్ట్రెయిట్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరిచినప్పుడు గిటార్ ఆపేయండి, డ్రమ్స్ మాత్రం నడవనివ్వండి. బ్రేక్ పడి మోత దిగి, బండి మలుపులోకి వాలేటప్పుడు గిటార్ అందుకోవాలి. పై గేరుకు మారిన ప్రతిసారీ ఇంజన్ శ్రుతి పడిపోతుంది. ఆ చోటు చూసి మీ కార్డ్ మార్చండి.

లెక్క కూడా ముందే వేసుకోండి. రెండు నిమిషాల ల్యాప్‌కు 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పెట్టుకుంటే 240 బీట్లు, అంటే నాలుగు బీట్ల చొప్పున 60 బార్లు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఒక్కో బీట్‌కు సరిగ్గా 15 ఫ్రేములు వస్తాయి, కట్ బీట్ మీద కూర్చుంటుంది. అదే 25 ఫ్రేముల వీడియో అయితే పన్నెండున్నర. బీట్ విడిచి బీట్‌కు కట్ అర ఫ్రేము అటో ఇటో జారుతుంది. రేసు మొదలయ్యేటప్పుడు ఎర్రలైట్లు వెలిగి ఆరేదాకా ఉన్న సమయాన్ని డ్రమ్మర్‌కు పూర్తిగా వదిలేయండి. అలక తీరడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

కెమెరాలోని మైక్ గాలి హోరునే ఎక్కువ పట్టుకుంటుంది. చిన్న రికార్డర్‌కు స్పాంజి తొడిగి, గాలి నేరుగా తగలని చోట సీటు వెనక అమర్చండి. అయితే రేసుకు ముందు బండిని తనిఖీ చేసే అధికారులు సరేనంటేనే.

కాపీరైట్ క్లెయిమ్‌కు కంగారు పడకండి. పాటను స్ట్రీమింగ్ యాప్‌లకు ఎక్కించిన డిస్ట్రిబ్యూటర్ దాన్ని యూట్యూబ్ పాటలను గుర్తుపట్టే కంటెంట్ ఐడీలోనూ నమోదు చేసి ఉంటే ఇలాగే అవుతుంది. మీ చానల్‌ను మినహాయించమని వాళ్లకు మెయిల్ పెడితే సరిపోతుంది. పాటలో ఎక్కడైనా కొన్న లూప్ వాడారేమో కూడా చూసుకోండి. అందరూ వాడుకునే లూపులున్న పాటను కంటెంట్ ఐడీకి ఇవ్వకూడదు.

1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ ఆ హక్కును ఎవరికైనా రాసిచ్చేటప్పుడు కాగితం, సంతకం ఉండాల్సిందే. గడువు రాయకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితంగా లెక్కిస్తారు. కాబట్టి బ్యాండ్‌లో ముగ్గురూ ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. బండి మీది వీడియోను ఎక్కడెక్కడ వాడుకోవచ్చో బావతో కూడా అందులోనే రాయించండి.